ఇంగ్లండ్ కాలువల మీద పడవ కాపురం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఇంగ్లండ్‌లోని పాత రవాణా కాలువల మీద, ఏడడుగుల వెడల్పు కూడా లేని ఉక్కు పడవల్లో సంసారాలు చేసుకుంటున్నవారి గురించి గత సంచికలో నేను రాసిన వ్యాసం చదివి, వరంగల్, కరీంనగర్, మంచిర్యాల, సిద్దిపేట వైపుల నుంచి పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. మావారి ఉద్యోగరీత్యా ఆ దేశపు మధ్య ప్రాంతంలో ఉన్న రోజుల్లో మేమిద్దరం అటువంటి పడవలోనే కాపురం చేశాము కనుక, తెలిసిన విషయాలను వివరంగానే రాస్తున్నాను. ఎక్కువ ఉత్తరాలు పిల్లల చదువులకూ ఇంటి అద్దెలకూ సంబంధించినవి కావడం వల్ల ఆ ప్రశ్ననే ముందుగా తీసుకున్నాను.

ప్రశ్న: మా అబ్బాయి కోవెంట్రీలో ఎమ్మెస్సీ చదువుతున్నాడు. ఇంటి అద్దె భరించలేకపోతున్నామనీ, ఇద్దరు స్నేహితులతో కలిసి పాత పడవ ఒకటి కొనుక్కుని కాలువ మీదనే ఉంటామనీ అంటున్నాడు. ఈసారి పత్తి అమ్మిన డబ్బులో కొంత పంపమని అడుగుతున్నాడు. పంపవచ్చునా?
— ఒక తండ్రి, జమ్మికుంట

జవాబు: దయచేసి తొందరపడి పంపకండి. పడవ జీవితమంటే నాకెంతో ఇష్టం. అయినా అద్దె తప్పించుకోవడానికి పడవ కొనాలన్న ఆలోచనను మాత్రం నేను సమర్థించలేను. నివాసానికి పనికివచ్చే పాత పడవ వెల పదుల వేల పౌండ్లలో ఉంటుంది. ఇల్లు కొనేవారికి బ్యాంకులు ఇచ్చే మామూలు గృహరుణం పడవకు దొరకదు. పోనీ, ముగ్గురూ కలిసి ఎలాగో కొన్నారనుకున్నా ఖర్చు అంతటితో ఆగదు. అక్కడి కాలువలలో చాలా భాగం కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే ధర్మసంస్థ ఆధీనంలో ఉంది. 2012లో అది ప్రభుత్వ సంస్థ అయిన బ్రిటిష్ వాటర్‌వేస్ నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లలోని సుమారు 2,000 మైళ్ల జలమార్గాల బాధ్యతను తీసుకున్నది. పడవ పొడవు వెడల్పులను బట్టి ఆ సంస్థకు ఏటా లైసెన్సు రుసుము కట్టాలి. 57 అడుగుల పడవకు అది ఏడాదికి వెయ్యి పౌండ్లు దాటుతుంది. దానికి తోడు బీమా ఉండాలి, నాలుగేళ్లకొకసారి భద్రతా పరీక్ష చేయించి ధ్రువపత్రం తీసుకోవాలి. రెండు మూడేళ్లకొకసారి పడవను నీళ్లలోంచి బయటకు తీయించి, అడుగుభాగాన్ని కడిగించి, తారు వంటి నల్లని పూత వేయించాలి. ఆ పని వాయిదా వేసుకుంటూ పోతే ఉక్కు రేకు తుప్పు తిని పలచబడుతుంది. కొనేముందు సర్వేయర్ చేత రేకు మందం కొలిపించుకోకుండా డబ్బు కట్టడం, పట్టాదారు పాసుపుస్తకం చూడకుండా భూమి కొనడం వంటిదే.

ఆ పడవను ఎక్కడ కట్టుకుంటాడన్నది ఇంతకన్నా పెద్ద ప్రశ్న. దీనికి రెండే మార్గాలున్నాయి. ఒకటి, మెరీనాలోనో (పడవలు కట్టి ఉంచడానికి కట్టిన రేవు), కాలువ ఒడ్డునో స్థిరమైన చోటు అద్దెకు తీసుకోవడం. ఇటువంటి చోట్లలో చాలావాటికి విహార పడవలకు మాత్రమే అనుమతి ఉంటుంది, ఏడాది పొడవునా నివాసం ఉండటానికి అనుమతి ఉన్నవి తక్కువ, వాటికి అద్దె ఎక్కువ. రెండవది, స్థిరమైన చోటు లేకుండా తిరుగుతూ ఉండటం. 1995 నాటి బ్రిటిష్ వాటర్‌వేస్ చట్టం ప్రకారం అటువంటి పడవ ఏ ఒక్క చోటా 14 రోజులకు మించి ఆగకూడదు. రెండు రేవుల మధ్య అటూ ఇటూ జరుపుతూ ఉంటే సరిపోతుందని కుర్రవాళ్లు అనుకుంటారు, కానీ అది చాలదు. లైసెన్సు కాలమంతటిలో 20 మైళ్ల పరిధి కూడా దాటని పడవ ఈ నియమాన్ని నెరవేర్చినట్లు తాము ఒప్పుకోవడం చాలా అరుదని ట్రస్ట్ తన మార్గదర్శకాలలో చెప్పింది. పైగా 2024 ఏప్రిల్ నుంచి స్థిరమైన చోటు లేని పడవలకు లైసెన్సు మీద అదనపు రుసుము కూడా వేస్తున్నారు.

ఇప్పుడు మీ అబ్బాయి పరిస్థితికి దీన్ని అన్వయించి చూడండి. కోవెంట్రీ కాలువ ఆ నగరం నడిబొడ్డున పడవలు ఆగే బేసిన్ దగ్గర మొదలై ఫ్రాడ్లీ అనే ఊరి వరకు 38 మైళ్లు సాగుతుంది. నియమం పాటిస్తూ తిరిగితే, జనవరి నెలలో ఏదో పల్లె దగ్గర పడవ కట్టుకుని, ఎనిమిది గంటలైనా సరిగా తెల్లవారని చీకట్లో, కాలువ గట్టు బురదలో నడిచి, బస్సు దొరికించుకుని ఉదయం తరగతికి చేరాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవారు తామెక్కడ ఉంటున్నదీ విశ్వవిద్యాలయానికి ఎప్పటికప్పుడు తెలియజేయాలి, హాజరు తప్పకూడదు. రెండు వారాలకొకసారి చోటు మారే పడవతో అది పెద్ద తలనొప్పి. ఇక ముగ్గురు యువకులు లోపల ఆరడుగుల వెడల్పు మాత్రమే ఉండే ఒకే వరుస గదులలో చదువుకోవడం, వండుకోవడం, పడుకోవడం ఎంత కష్టమో అనుభవం మీద చెబుతున్నాను. ఇద్దరు భార్యాభర్తలమే ఒకరు దాటిపోవాలంటే రెండవవారు గోడకు ఒరిగి నిలబడేవాళ్లం. ఎవరైనా తక్కువ అద్దెకు పడవ ఇస్తామని అన్నా జాగ్రత్తపడాలి. అద్దెకిచ్చే పడవకు సొంత వాడకపు లైసెన్సు చాలదు, వేరే లైసెన్సు, వేరే భద్రతా నియమాలు ఉంటాయి. అవి లేని పడవలో చేరితే మధ్యలో ఖాళీ చేయవలసి రావచ్చు. అబ్బాయి చదువు పూర్తయి, ఉద్యోగంలో కుదురుకుని, అప్పటికీ ఆ కోరిక ఉంటే సంతోషంగా కొనుక్కోవచ్చు. ఈ ఏడాది పత్తి డబ్బు మాత్రం ఫీజుకూ గది అద్దెకూ ఉపయోగపడనీయండి.

ప్రశ్న: అమ్మా, మా మనుమరాలు పెండ్లి తరువాత భర్తతో కలిసి అక్కడ పడవలో ఉంటున్నది. ఫోనులో చూపిస్తే రైలుపెట్టె లోపలిలాగా కనిపించింది. నీళ్లు ఎక్కడివి? వంట ఎట్లా? అన్నిటికన్నా ముఖ్యంగా, మరుగుదొడ్డి సంగతి ఏమిటి? అడిగితే నవ్వుతున్నది కానీ చెప్పడం లేదు.
— ఒక అమ్మమ్మ, నర్సంపేట

జవాబు: పెద్దమ్మా, మీరు అడిగినవే అసలైన ప్రశ్నలు. పడవ మీద రోజు గడవడమంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

నీళ్ల విషయం ముందు చెబుతాను. పడవ ముందుభాగంలో కొన్ని వందల లీటర్లు పట్టే ట్యాంకు ఉంటుంది. కాలువ వెంట అక్కడక్కడా ట్రస్ట్ ఏర్పాటు చేసిన నల్లాలు ఉంటాయి. పడవను అక్కడ కట్టి, సొంత పైపు తగిలించి నింపుకోవాలి. ట్యాంకు ఖాళీగా ఉంటే నిండటానికి గంట పట్టిన సందర్భాలూ ఉన్నాయి. లోపల చిన్న మోటారు ఆ నీటిని వంటగదికీ స్నానాలగదికీ పంపిస్తుంది. నల్లా తిప్పినప్పుడల్లా ఆ మోటారు చప్పుడు వినిపిస్తుంది కనుక నీటిని వృథా చేయడం మనసుకే రాదు. వంటింటి నీళ్లూ స్నానం నీళ్లూ నేరుగా కాలువలోకే పోతాయి. అందువల్ల నూనె జిడ్డును కాగితంతో తుడిచిన తరువాతే గిన్నెలు కడగాలి, నీటికి హాని చేయని సబ్బులే వాడాలి. మన వంటలో నూనె ఎక్కువ కనుక మన పిల్లలు ఈ విషయంలో మరింత శ్రద్ధ చూపాలని నా కోరిక.

మరుగుదొడ్డి నీళ్లు మాత్రం కాలువలోకి వదలరు. చాలా పడవల్లో కమోడు కింద ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంటుంది, దానిని క్యాసెట్ అంటారు. సుమారు ఇరవై లీటర్లు పడుతుంది. ఇద్దరు మనుషులకు అది రెండు మూడు రోజుల్లో నిండుతుంది. నిండిన పెట్టెను మూత బిగించి బయటకు లాగి, చేతిబండి మీద పెట్టుకుని, కాలువ ఒడ్డున అందుకోసమే కట్టిన గదికి తీసుకువెళ్లి, అక్కడి తొట్టిలో వంచి, పైపు నీటితో రెండుసార్లు కడిగి, వాసన రాకుండా మందు పోసి తిరిగి అమర్చాలి. ఆ గదులకూ నల్లాలకూ ఒకే రకమైన తాళంచెవి అన్ని చోట్లా పనిచేస్తుంది. కొన్ని పడవల్లో పెద్ద ట్యాంకు ఉంటుంది, దానిని మెరీనాలో యంత్రంతో ఖాళీ చేయించుకుంటారు. కొందరు నీరు వాడని, మట్టిగా మార్చే పద్ధతిని ఎంచుకుంటారు. మీ మనుమరాలు నవ్వింది బహుశా ఇందుకే కావచ్చు. నాకూ మొదట్లో ఎంతో సంకోచంగా ఉండేది. కానీ మనం వాడిన ప్రతి వస్తువు చివరికి ఎక్కడికి చేరుతుందో చేతులతో తెలుసుకోవడంలో తప్పేమీ లేదని త్వరలోనే అలవాటు పడ్డాను. భార్యాభర్తలు ఈ పనిని వంతులవారీగా చేసుకుంటేనే కాపురం చల్లగా ఉంటుంది. ఈ మాట మీ మనుమడి వరుస అబ్బాయికి మీరే చెప్పండి.

వంటకు గ్యాస్ బండ ఉంటుంది. గాలికన్నా బరువైన ఆ గ్యాస్ కారితే పడవ అడుగున పేరుకుంటుంది కనుక, బండలను లోపల ఉంచకుండా, కారినా బయట నీటివైపు పోయేలా రంధ్రాలున్న ప్రత్యేకమైన అరలో పెడతారు. చలికాలంలో బొగ్గుల పొయ్యి ఎలాగూ రోజంతా వెలుగుతూనే ఉంటుంది. దాని పైన నానబెట్టిన కందిపప్పు గిన్నె పెట్టి వదిలేస్తే మధ్యాహ్నానికి మెత్తగా ఉడికి ఉంటుంది, గ్యాస్ ఖర్చు ఉండదు. పొయ్యి అక్కరలేని పచ్చిపులుసు వేసవిలో మాకు ఎంతో ఆసరా అయింది. మిరపకాయలతో పోపు పెట్టేటప్పుడు మాత్రం పక్క తలుపులు రెండూ తెరిచి ఉంచమనండి. ఇంత చిన్న చోట ఆ ఘాటుకు పొగ అలారం మోగక మానదు.

ప్రశ్న: నీటిపారుదల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. పడవలను కొండలెక్కించే లాకుల గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. అవి పనిచేసే తీరు, వాటికి పట్టే నీరు, మన కాకతీయ కాలువ మీద అటువంటి ప్రయాణం సాధ్యమా అన్నది వివరించగలరా?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీవంటివారు అడిగినందుకు సంతోషంగా ఉంది. ఈ కాలువల ప్రాణమంతా లాకులలోనే ఉన్నది.

మన కాలువల్లో నీరు వాలు వెంట పారుతుంది. ఇంగ్లండ్ రవాణా కాలువల్లో నీరు దాదాపు నిశ్చలంగా, మెట్లు మెట్లుగా నిలబడి ఉంటుంది. ఒక మెట్టు నుంచి మరొక మెట్టుకు పడవను చేర్చే ఇటుక గదే లాకు. దానికి రెండు చివరలా బరువైన తలుపులుంటాయి. జంట తలుపులు ఎగువవైపు మొన వచ్చేలా కోణంలో మూసుకుంటాయి కనుక, ఎగువనీటి బరువే వాటిని బిగించి పట్టుకుంటుంది. రెండువైపులా నీటిమట్టం సమానమయ్యేదాకా ఎంత బలవంతుడు తోసినా అవి కదలవు. పైకి ఎక్కవలసిన పడవ దిగువ తలుపు గుండా గదిలోకి వస్తుంది. ఆ తలుపులు మూసి, దిగువ తూము షట్టర్లు దించి, ఎగువ షట్టర్లను మెల్లగా ఎత్తితే నీరు గదిలోకి వచ్చి పడవను లేపుతుంది. షట్టర్లు ఎత్తడానికి ఎల్ ఆకారపు ఇనుప హ్యాండిల్ ఒకటి ప్రతి పడవలోనూ ఉంటుంది. దానిని ఇరుసుకు తగిలించి, పళ్లచక్రం ఒక్కొక్క పన్ను దాటుతున్న చప్పుడు వింటూ తిప్పాలి. పని అయిన వెంటనే దానిని ఇరుసు మీద నుంచి తీసేయాలి. చక్రాన్ని ఆపి ఉంచే కొక్కెం జారి అది వెనక్కి తిరిగితే ఆ హ్యాండిల్ విసురుగా వచ్చి చెయ్యి విరగ్గొట్టగలదు. నీటిమట్టాలు సమానమైన క్షణంలో, తలుపు మీది పొడవైన దూలానికి నడుము ఆనించి కాళ్లు తన్ని తోస్తే, అంతవరకు కొండలా ఉన్న తలుపు మెత్తగా కదులుతుంది. ఒక్క లాకు దాటడానికి సుమారు పావుగంట పడుతుంది.

కిందికి దిగేటప్పుడు ప్రమాదం మరొకటి ఉంటుంది. ఎగువ తలుపు కింద ఒక రాతి గట్టు గది లోపలికి పొడుచుకుని వస్తుంది. నిండినప్పుడు అది కనిపించదు. నీరు దిగుతూ ఉండగా పడవ వెనకభాగం ఆ గట్టు మీద చిక్కితే, ముందుభాగం కిందికి ఒరిగి నిమిషాల్లో పడవ మునుగుతుంది. అందుకే ఆ గట్టు ఎక్కడిదాకా ఉందో తెలిసేలా గోడ మీద తెల్లని గీత గీసి ఉంటుంది. చుక్కాని పట్టినవారు చూపు ఆ గీత మీద నుంచి తిప్పకూడదు.

నీటి లెక్క మీరే వేసుకోగలరు. ఇరుకు లాకు పొడవు సుమారు 72 అడుగులు, వెడల్పు ఏడడుగులు. ఏడడుగుల ఎత్తు తేడా ఉంటే ఒక్కసారి దాటినందుకు సుమారు లక్ష లీటర్లు దిగువకు పోతాయి. బర్మింగ్‌హామ్ వైపు ఎక్కే టార్డెబిగ్ దగ్గర వరుసగా 30 లాకులున్నాయి. వారిక్ పట్టణం దగ్గర హ్యాటన్‌లో 21 ఉన్నాయి, అవి వెడల్పైనవి కావడం వల్ల రెండు ఇరుకు పడవలు పక్కపక్కన పడతాయి, తోడు పడవ దొరికేదాకా ఆగి కలిసి వెళితే సగం నీరు ఆదా అవుతుంది. కాలువ ఎత్తైన భాగం నుంచి ఇలా దిగువకు పోయిన నీటిని జలాశయాల నుంచి మళ్లీ నింపాలి. వానలు తక్కువైన ఎండాకాలంలో లాకులకు తాళాలు వేసి ప్రయాణాలు ఆపడానికి ఇదే కారణం.

ఈ ఏడడుగుల కొలతకు మూలం జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు. వర్స్లీలోని తన గనుల బొగ్గును మాంచెస్టర్‌కు చేర్చడానికి బ్రిడ్జ్‌వాటర్ ప్రభువు తవ్వించిన కాలువ 1761లో తెరుచుకున్నప్పుడు ఆ నగరంలో బొగ్గు ధర సగానికి పడిపోయింది. ఆ పనిలో పేరు తెచ్చుకున్న బ్రిండ్లీయే తరువాత ట్రెంట్ అండ్ మెర్సీ కాలువకు ఇరుకు లాకులను నిర్ణయించాడు. దాని మార్గంలో హేర్‌కాజిల్ కొండ కింద రెండున్నర కిలోమీటర్లకు పైగా సొరంగం తవ్వవలసి రావడంతో, ఇరుకుగా ఉంటేనే ఖర్చు తగ్గుతుంది. మిగిలిన కాలువలలో చాలావాటికి అదే కొలత అయింది. నేటి నివాస పడవ 6 అడుగుల 10 అంగుళాలు ఉండటానికి అదే కారణం.

కాకతీయ కాలువ విషయానికి వస్తే, శ్రీరాంసాగర్ నుంచి ఆయకట్టుకు నీరు చేర్చడానికి దానిని కట్టారు. నీరు వంతుల ప్రకారం వదులుతారు, ప్రవాహం బలంగా ఉంటుంది, నీరు ఒక్కసారిగా కిందికి దూకే డ్రాపుల దగ్గర పడవలు దాటడానికి లాకులు కట్టలేదు. కనుక ఉన్నదానిలో పడవ ప్రయాణం సాధ్యం కాదని మీకు నాకన్నా బాగా తెలుసు. కానీ మన తెలంగాణకు ఈ విద్య పూర్తిగా కొత్తదేమీ కాదు. గోదావరి మీద పైదాకా పడవలు నడపాలన్న ఆర్థర్ కాటన్ పథకంలో భాగంగా 19వ శతాబ్దంలో భద్రాచలం ఎగువన దుమ్ముగూడెం వద్ద ఆనకట్టా, పడవల కాలువా, లాకులూ కట్టారు. ఖర్చు పెరిగిపోవడంతో 1871లో ఆ పథకాన్ని వదిలేశారు. అటువైపు వెళ్లినప్పుడు మీ కంటితో ఒకసారి చూడవలసిన పని అది.

ప్రశ్న: చలికాలంలో కాలువ గడ్డకడుతుందా? అంత చలిలో ఇనుప పడవలో ఎలా ఉంటారు?
— ఒక విద్యార్థిని, కరీంనగర్

జవాబు: కొన్ని రోజులు పైపైన మంచుపొర కడుతుంది. అటువంటప్పుడు పడవను కదిలించకపోవడమే మంచిది. మంచు అంచులు సొంత పడవ అడుగు పూతను గీరివేస్తాయి, పక్కన ఉన్న పడవలకూ హాని చేస్తాయి. 1962-63 చలికాలంలో కాలువలు వారాల తరబడి గడ్డకట్టి సరుకు పడవలు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అప్పటికే కొనఊపిరితో ఉన్న సరుకు రవాణా ఆ దెబ్బ నుంచి కోలుకోలేదు.

లోపల చలి మీరు ఊహించినంత ఉండదు. ఉక్కు రేకుకూ లోపలి చెక్కకూ మధ్య నురుగు వంటి పొర నింపుతారు, చిన్న ఇనుప పొయ్యిలో పొగరాని బొగ్గు రాత్రంతా నిదానంగా కాలుతూ ఉంటుంది. బొగ్గు, డీజిల్, గ్యాస్ బండలు అమ్మే పడవలు కాలువ వెంట తిరుగుతాయి. అసలు బాధ తేమ. ఊపిరి, వంట, ఆరేసిన బట్టలు, వీటన్నిటి తేమా కిటికీ చట్రాల మీద నీరై కారుతుంది. ఆ చెమ్మకు, చలిగాలికి భయపడి కొందరు గాలి రంధ్రాలను గుడ్డలతో మూసేస్తారు. అది ప్రాణాంతకం. పొయ్యి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, నిద్రలోనే మనిషిని బలి తీసుకుంటుంది. అందుకే 2019 నుంచి నివాస గదులున్న పడవలన్నిటిలో దానిని పసిగట్టే అలారం తప్పనిసరి చేశారు. చల్లారని బూడిదను లోపల ఉంచినా అదే విషవాయువు వస్తుంది. ఉదయం బూడిదను ఇనుప డబ్బాలో ఎత్తి, మూతపెట్టి, వెంటనే బయటికి చేర్చాలి. ఈ ఒక్క విషయంలో మీ బంధువులెవరైనా పడవలో ఉంటే దయచేసి ఫోను చేసి మరీ చెప్పండి.

ప్రశ్న: కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంటి నుంచి కంప్యూటర్ ఉద్యోగం చేసుకోవచ్చా?
— ఒక యువకుడు, మంచిర్యాల

జవాబు: చేసుకోవచ్చు, చేస్తున్నవారూ ఉన్నారు. బ్యాటరీలు, పైన సోలార్ ప్యానెళ్లు, ఒక ఇన్వర్టర్, అవసరమైనప్పుడు ఇంజన్, ఇదీ ఏర్పాటు. వేసవిలో ఎండ సరిపోతుంది. డిసెంబరులో పగలు ఎనిమిది గంటలే ఉంటుంది కనుక రోజూ ఇంజన్ నడిపి ఛార్జింగ్ చేసుకోవాలి. రాత్రి 8 నుంచి ఉదయం 8 వరకు ఇరుగుపొరుగుకు వినిపించేలా ఇంజన్ నడపకూడదన్నది నియమం. ఫోను సిగ్నలు చూసుకుని పడవ కట్టుకోవాలి, లోయల్లో అది దొరకదు.

ప్రశ్న: పూర్వం ఈ పడవల మీద కుటుంబాలు ఎలా బతికేవి? వారి పిల్లలు చదువుకున్నారా?
— ఒక ఉపాధ్యాయురాలు, సిద్దిపేట

జవాబు: కాలువలు కొత్తగా తవ్వినప్పుడు పడవవాళ్లకు ఒడ్డున ఇళ్లుండేవి. ఒక్క గుర్రం గట్టు మీద నడుస్తూ పాతిక టన్నుల సరుకును లాగేది. రోడ్డు మీద అదే గుర్రం రెండు టన్నులు లాగితే గొప్ప. గట్టుదారి లేని సొరంగాలలో మనుషులు పలకల మీద వెల్లకిలా పడుకుని, గోడలను కాళ్లతో తన్నుతూ పడవను ముందుకు నడిపేవారు. రైళ్లు వచ్చి పోటీ పెరిగాక కూలి తగ్గింది. ఇంటి అద్దె కట్టలేక, పనివాణ్ణి పెట్టుకోలేక, భార్యాపిల్లలను పడవ మీదికే తెచ్చుకున్నారు. పడవలో సరుకుకు పోగా మిగిలేది వెనకవైపు పదడుగుల గది. అందులోనే పొయ్యి, మడత మంచం, అందులోనే పురుళ్లు. ఆ గది తలుపుల మీద, నీళ్ల డబ్బాల మీద గులాబీలు, కోటలు రంగురంగులుగా చిత్రించుకునే సంప్రదాయం ఈనాటికీ నిలిచి ఉంది.

చదువు సంగతి బాధాకరం. రోజూ చోటు మారే పిల్లలు ఏ బడిలోనూ కుదురుకోలేదు. చాలామందికి చదవడం రాయడం రాకుండానే బతుకు గడిచిపోయింది. జార్జ్ స్మిత్ అనే సంస్కర్త పోరాటం వల్ల 1877లో, తిరిగి 1884లో చట్టాలు వచ్చాయి. పడవలను నివాసాలుగా నమోదు చేయడం, ఎందరు ఉండవచ్చో నిర్ణయించడం, పిల్లలను బడికి పంపడం వాటి ఉద్దేశం. తిరుగుతున్న పడవ మీద అమలు మాత్రం కష్టమైంది. మన దగ్గర ఇటుక బట్టీలకు వలస వచ్చే కుటుంబాల పిల్లలను చూసిన మీకు ఇది నేను వివరించనక్కరలేదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మగవాళ్లు తగ్గిపోవడంతో, కాలువలతో ఏ సంబంధమూ లేని యువతులు శిక్షణ పొంది లండన్, బర్మింగ్‌హామ్‌ల మధ్య సరుకు పడవలు నడిపారు. 1948లో కాలువలలో ఎక్కువ భాగాన్ని జాతీయం చేశారు. పూడిపోతున్న కాలువలను కాపాడాలని 1946లోనే ఒక సంఘం ఏర్పడింది. ఆనాటి స్వచ్ఛంద సేవకులు బురద తోడి లాకులు బాగుచేయకపోయి ఉంటే, ఈనాడు మీ ఉత్తరానికి నేను రాయగలిగేది ఏమీ ఉండేది కాదు.

ప్రశ్న: మా అన్నయ్య కుటుంబం అక్కడే ఉంది. అందరం కలిసి వారం రోజులు పడవ అద్దెకు తీసుకోవాలనుకుంటున్నాము. నడపడానికి లైసెన్సు కావాలా?
— ఒక పాఠకుడు, జనగామ

జవాబు: నడిపేవారికి లైసెన్సు అక్కరలేదు. అద్దెకిచ్చేవారు బయలుదేరేముందు గంటో రెండు గంటలో నేర్పిస్తారు. వేగం గంటకు నాలుగు మైళ్లు మించకూడదు, కట్టి ఉన్న పడవల పక్కన ఇంకా తగ్గించాలి, లేకపోతే వాటి తాళ్లు తెగుతాయి, లోపలివారి పొయ్యి మీద గిన్నెలు దొర్లుతాయి. ఎదురుపడితే కుడివైపుకు తప్పుకోవాలి. మన రోడ్డు అలవాటుకు ఇది వ్యతిరేకం. చుక్కాని కర్రను ఎడమకు నెడితే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది, అదీ కాస్త ఆలస్యంగా తిరుగుతుంది. ఫోర్ కౌంటీస్ రింగ్ అనే చుట్టుమార్గం 110 మైళ్లు, 94 లాకులు. వారంలో పూర్తి చేయవచ్చు కానీ రోజంతా శ్రమించాలి. పిల్లలున్నారు కనుక లాకులు తక్కువ ఉన్న దారి ఎంచుకోండి. కాలువ లోతు సాధారణంగా మనిషి నడుము దాకానే ఉన్నా, లాకుల్లో చాలా లోతు ఉంటుంది. పిల్లలకు లైఫ్ జాకెట్ లేకుండా బయటికి రానివ్వకండి.

ప్రశ్న: బతుకమ్మను అక్కడి కాలువలో వేయవచ్చా?
— ఒక గృహిణి, పరకాల

జవాబు: నిలిచిన నీరు కనుక పూలు కదలవు. తాంబాళంతో సహా నీటిని తాకించి, మొక్కి, పూలను వెనక్కి తీసుకువచ్చి మొక్కల మొదట్లో వేయడమే నాకు సబబుగా తోచింది. దారాలూ పుల్లలూ పడవ ఇంజన్ పంకాకు చుట్టుకుంటే, వాటిని తీయడానికి ఎవరో ఒకరు వెనక మూత తెరిచి, అక్టోబరు చలినీటిలో మోచేతి దాకా చెయ్యి పెట్టవలసి వస్తుంది.

ప్రశ్న: మా కూతురు అల్లుడు పడవలో ఉంటున్నారు. నాకు మోకాళ్ల నొప్పులు. రెండు నెలలు వెళ్లి వారితో ఉండగలనా?
— ఒక తల్లి, ములుగు

జవాబు: ఉండగలరు, కానీ కొన్ని ఏర్పాట్లు ముందుగా చేయించుకోవాలి. ఇబ్బంది అంతా ఎక్కడం దిగడంలోనే ఉంటుంది. గట్టు నుంచి పడవ మీదికి ఒక అడుగు, అక్కడి నుంచి లోపలికి నిటారుగా రెండు మూడు మెట్లు ఉంటాయి. పడవ పక్క అంచు అరచేయి వెడల్పు కూడా ఉండదు, దాని మీద నడిచే ప్రయత్నం చేయకండి. మీరున్న రెండు నెలలూ పడవను మెరీనాలో కట్టమని అల్లుడుగారికి చెప్పండి. అక్కడ పడవ పక్కనే చెక్క వేదిక ఉంటుంది, స్నానాల గదులు దగ్గరలో ఉంటాయి, కరెంటు తీగ తగిలించుకోవచ్చు. మెట్ల పక్కన పట్టుకోవడానికి ఒక ఇత్తడి కడ్డీ బిగించమనండి. మే నుంచి ఆగస్టు వరకు గట్టు పొడిగా ఉంటుంది, జూన్, జూలైలలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది, కనుక ఆ నెలలకే టికెట్టు తీసుకోండి. మడత మంచం మీ నడుముకు సరిపడదు. ముందు గదిలో స్థిరంగా ఉండే మంచం మీకిచ్చి, వారిద్దరూ మడత మంచం వాడుకోవాలని ఇప్పుడే మాట తీసుకోండి.